రేణిగుంట–తిరుపతి నడుమ ఖాళీ జాగాలు: కలిపి కడితే బండ్ల పొగ తగ్గుతుందా?

రేణిగుంట నుంచి తిరుపతికి దాదాపు పది కిలోమీటర్లు. ఈ దారి పొడవునా ఊరు ఊరిని తాకుతోంది. కరకంబాడి వైపు ఫ్యాక్టరీలు, వెంచర్లు. తిరుచానూరు వైపు లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు. వీటి మధ్య కట్టకుండా మిగిలిపోయిన జాగాలు ఇంకా చాలా ఉన్నాయి. నగర ప్రణాళికలో నలభై ఏళ్లుగా నలుగుతున్న ఒక వివాదం సరిగ్గా ఇలాంటి జాగాల గురించే. ఊరి లోపలి ఖాళీలను నింపుతూ ఇళ్లు, కొట్లు, ఆఫీసులు, బడులు ఒకేచోట కలిపి కడితే వాహనాలు వదిలే హరితగృహ వాయువులు తగ్గుతాయా? లేక ఇప్పుడున్న రద్దీకి మరింత రద్దీ తోడవుతుందా?

రెండు జవాబులకూ పరిశోధనల దన్ను ఉంది. అందుకే ఎవరికి కావలసిన లెక్క వారు చూపుతున్నారు. కొత్త భవనం కట్టేవారు ‘దగ్గరగా ఉంటే బండి తీయనక్కర్లేదు’ అంటారు. పక్క వీధివారు ‘ఉన్న ట్రాఫిక్కే దాటలేకపోతున్నాం’ అంటారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. అది ఎలా సాధ్యమో, రేణిగుంట వంటి చోట ఏ వాదం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

వివాదం నడిచిన దారి

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో పాశ్చాత్య నగరాలు ఇళ్లను ఒకవైపు, ఫ్యాక్టరీలను మరోవైపు, వ్యాపారాన్ని ఇంకోవైపు విడదీశాయి. పొగ గొట్టాల పక్కన జనం కాపురం ఉండకూడదన్న ఆరోగ్య చింత దాని వెనుక ఉంది. కారు వచ్చాక ఈ విభజన మైళ్ల దూరమైంది. 1961లో జేన్ జేకబ్స్ అమెరికా నగరాలపై రాసిన పుస్తకంలో ఈ పద్ధతిని గట్టిగా ఎదిరించారు. పనులు, ఇళ్లు కలిసి ఉన్న వీధులే సజీవంగా ఉంటాయని వాదించారు. అప్పటికి ఆ చర్చ వీధి జీవితం గురించే. వాతావరణం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంధనం లెక్క 1989లో ముందుకు వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ న్యూమన్, జెఫ్రీ కెన్‌వర్తీ 32 నగరాలను పోల్చి, జనసాంద్రత ఎక్కువున్న చోట తలసరి పెట్రోలు వాడకం తక్కువని చూపించారు. అదే ఏడాది పీటర్ గోర్డన్, హ్యారీ రిచర్డ్‌సన్ దాన్ని ఖండించారు. ఆదాయం, పెట్రోలు ధర వంటి కారణాలను వదిలేసి సాంద్రతకే ఘనత కట్టబెట్టారని వారి అభ్యంతరం.

1997లో రాబర్ట్ సెర్వెరో, కారా కాకెల్‌మన్ చర్చను మరో మెట్టు ఎక్కించారు. సాంద్రత ఒక్కటే చాలదని, పనుల కలయిక, వీధుల అమరిక కూడా చూడాలని చెప్పారు. తరువాతి పరిశోధకులు ఆ జాబితాకు ఉద్యోగాలు, అంగళ్లు ఎంత దగ్గరలో ఉన్నాయన్నది, బస్సు లేదా రైలు ఎంత దూరంలో ఉందన్నది చేర్చారు. 2009లో అమెరికా రవాణా పరిశోధనా మండలి ఒక నివేదిక ఇచ్చింది. నివాస సాంద్రత రెట్టింపైతే కుటుంబం వాహనంలో తిరిగే దూరం 5 నుంచి 12 శాతం దాకా తగ్గవచ్చని, ఉద్యోగాలు, మంచి బస్సులు వగైరా తోడైతే 25 శాతం దాకా తగ్గవచ్చని అందులో అంచనా వేశారు.

మూడు వాదాలు

మొదటి వాదం ‘దగ్గరగా కట్టండి’ అంటుంది. ఇల్లు, పని, బడి, సంత నడిచేంత దూరంలో ఉంటే బండి అవసరం తగ్గుతుంది, బస్సు నడపడానికి సరిపడా జనం దొరుకుతారు. అమెరికాలోని ఆరు మహానగర ప్రాంతాల్లో 239 కలగలుపు కట్టడాలను పరిశీలించిన అధ్యయనం 2011లో వచ్చింది. వాడుకలో ఉన్న ట్రాఫిక్ లెక్కింపు పద్ధతి ఇలాంటి చోట్ల బయటి రోడ్డెక్కే కార్లను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతోందని అది తేల్చింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. పై అంతస్తులో ఉన్న మనిషి కింది మెడికల్ షాపుకు వస్తే అది రోడ్డు మీదకు రాని ప్రయాణం. పాత పద్ధతి ఇంటికో లెక్క, షాపుకో లెక్క వేసి రెండూ కూడేస్తుంది. పారిస్ 2020లో నెత్తికెత్తుకున్న ‘పదిహేను నిమిషాల నగరం’ ఆలోచన కూడా ఈ కోవలోదే.

రెండో వాదం ‘ప్రభావం ఉంది, కానీ చిన్నది’ అంటుంది. రీడ్ యూయింగ్, సెర్వెరో 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. సాంద్రత 10 శాతం పెరిగితే వాహన ప్రయాణ దూరం 0.4 శాతం మాత్రమే తగ్గింది. పనుల కలయికకు ఆ తగ్గుదల 0.9 శాతం. నగర కేంద్రానికి 10 శాతం దగ్గరైతే మాత్రం 2.2 శాతం తగ్గింది. దీన్నిబట్టి ఎంత ఒత్తుగా కట్టామన్నదానికంటే ఎక్కడ కట్టామన్నదే బలమైన అంశం. 2017లో మార్క్ స్టీవెన్స్ మళ్లీ లెక్క కట్టి సాంద్రతకు కాస్త పెద్ద ప్రభావమే చూపారు. అయినా మొత్తం మీద ఫలితం స్వల్పమేనని నిర్ధారించారు. ఆ మాటపై యూయింగ్, సెర్వెరో స్పందించారు, వాదోపవాదాలు సాగాయి. ఈ వాదంలోనే మరో మెలిక ఉంది. నడక ఇష్టపడేవారే నడిచే వీలున్న వీధుల్లో ఇల్లు వెతుక్కుంటారు. అప్పుడు వీధి మనిషిని మార్చిందా, మనిషే వీధిని ఎంచుకున్నాడా? ప్యాట్రిషియా మొఖ్తరియన్, షిన్యు జేసన్ కావ్ వంటివారు ఈ ముడిని విప్పడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. ఎంపిక ప్రభావాన్ని తీసేసినా వీధి ప్రభావం కొంత మిగులుతుందన్నదే ఎక్కువ అధ్యయనాల సారాంశం.

మూడో వాదం ‘తలసరి తగ్గినా వీధిలో పెరుగుతుంది’ అంటుంది. స్టీవ్ మెలియా, గ్రాహం పార్క్‌హర్స్ట్, హ్యూ బార్టన్ 2011లో దీన్ని స్పష్టంగా పెట్టారు. ఒక పేటలో జనం రెట్టింపైతే ఒక్కొక్కరి వాహన వాడకం తగ్గవచ్చు. కానీ సగానికి తగ్గదు. కాబట్టి ఆ పేటలో మొత్తం బండ్లు పెరుగుతాయి. భూగోళానికి మేలు, పేటకు కీడు. రోడ్డు వెడల్పు చేసి ఈ కీడును తప్పించబోతే మరో చిక్కు వచ్చి పడుతుంది. జిల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ అమెరికా నగరాలపై 2011లో చేసిన అధ్యయనం ప్రకారం పెద్ద రోడ్ల నిడివి ఎంత పెరిగితే దాదాపు అంత మేర వాహన ప్రయాణాలూ పెరుగుతాయి.

మూడింటినీ పక్కపక్కన పెడితే

- కొలబద్ద: మొదటి వాదం ఆ కట్టడంలోని మనుషుల ప్రయాణాలను, రెండోది నగరం మొత్తం సగటును, మూడోది ఆ వీధిలోని బండ్లను లెక్కిస్తాయి. కొలిచే చోటు వేరు కాబట్టి జవాబులూ వేరు.
- బలం: మొదటిది ఎలా తగ్గుతుందో చూపుతుంది. రెండోది ఎంత తగ్గుతుందో చెబుతుంది. మూడోది ఆ భారం ఎవరిమీద పడుతుందో గుర్తు చేస్తుంది.
- లోపం: మూడింటికీ పునాది కార్లతో నిండిన ధనిక దేశాల అనుభవమే. బైకు, షేర్ ఆటో, ఫ్యాక్టరీ బస్సు వాటి లెక్కల్లో దాదాపు కనపడవు.
- ఒప్పుకున్న సంగతి: ఒత్తుగా కట్టడం ఒక్కటే పెద్దగా ఫలితం ఇవ్వదు. పని చోటుకు దగ్గర కావడం, మంచి బస్సు ఉండడం, పార్కింగ్ కట్టడి కలిస్తేనే తగ్గుదల కంటికి కనిపిస్తుంది.

రేణిగుంట రోడ్డు మీద నాలుగు రకాల ప్రయాణాలు

మన ఊళ్లలో కలగలుపు కొత్తగా నేర్చుకోవలసిన పని కాదు. కింద కొట్టు, పైన కాపురం బజారు వీధుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. 1862లో మద్రాసు రైల్వే లైను చేరినప్పటినుంచి రేణిగుంట బతుకు స్టేషన్ చుట్టూ అల్లుకుంది. తిరుపతి మద్రాసు–బొంబాయి ప్రధాన మార్గం మీద లేదు కాబట్టి ఆ మార్గపు రైళ్లలో వచ్చే యాత్రికులు చాలామంది నేటికీ రేణిగుంటలో దిగి బస్సో ఆటోనో ఎక్కుతారు. 2011 జనగణనలో రేణిగుంట జనాభా సుమారు 26 వేలు, తిరుపతి నగరానిది 2.87 లక్షలు. ఆ తరువాత విమానాశ్రయం కొత్త టెర్మినల్ 2015లో తెరిచారు. సెల్‌ఫోన్లు, టీవీలు, వాటి విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు చుట్టుపక్కల వెలిశాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కేంద్రమైంది.

ఇక్కడి రోడ్డెక్కే ప్రయాణాలు స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది ఫ్యాక్టరీకి, ఆఫీసుకు వెళ్లే రోజువారీ ప్రయాణం. రెండోది తిరుపతిలోని ఆసుపత్రులు, కాలేజీలు, పెద్ద అంగళ్ల కోసం వెళ్లేది. మూడోది స్టేషన్ నుంచి, విమానాశ్రయం నుంచి తిరుమల కొండకు చేరే యాత్రికులది. నాలుగోది కడప, చెన్నై, నాయుడుపేట దారుల్లో దాటిపోయే లారీలు, బస్సులది.

ఖాళీ జాగాల్లో కలిపి కట్టడం మొదటి రెండింటినే తగ్గించగలదు. తిరుమలకు రోజూ 60 వేల నుంచి 80 వేల దాకా భక్తులు వస్తారు. కరకంబాడి రోడ్డులో ఎన్ని అంతస్తులు లేపినా వారి ప్రయాణం ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు. వారికి కావలసింది మంచి రైలు, స్టేషన్ గుమ్మంలోనే బస్సు. లారీలకు బైపాస్ కావాలి. పాశ్చాత్య అధ్యయనాల్లో వచ్చే శాతాన్ని తెచ్చి ఇక్కడి మొత్తం ట్రాఫిక్‌కు గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. కట్టడం వల్ల మారే ప్రయాణాలను ముందు విడదీసి, వాటికే ఆ శాతాన్ని వర్తింపజేయాలి.

ఒక ఉద్యోగి ఏడాది లెక్క

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ అయితే సుమారు 2.7 కిలోలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకు కిలోమీటరుకు 46 గ్రాములు వదులుతుంది. లీటరుకు 15 ఇచ్చే కారు 150 గ్రాములు దాటుతుంది. లీటరు డీజిల్‌తో నాలుగున్నర కిలోమీటర్లు పోయే బస్సు 600 గ్రాములు వదిలినా, అందులో 40 మంది ఉంటే మనిషికి 15 గ్రాములే పడుతుంది. పదిమందే ఉంటే మనిషికి 60 గ్రాములు. అంటే ఒంటరిగా పోయే బైకు కంటే ఎక్కువ. డీజిల్ ఆటోకు 90 గ్రాములనుకుంటే, ముగ్గురు ఎక్కినప్పుడు మనిషికి 30 గ్రాములవుతుంది.

తిరుపతిలో కాపురం ఉండి రేణిగుంట దగ్గర పనిచేసే ఒక ఉద్యోగిని తీసుకుందాం. రోజుకు రానూపోనూ 20 కిలోమీటర్లు, ఏడాదికి 300 పనిరోజులు, మొత్తం 6,000 కిలోమీటర్లు. ఒంటరిగా బైకు మీద అయితే 276 కిలోల కార్బన్ డయాక్సైడ్. కారులో అయితే 900 కిలోలు దాటుతుంది. ఇప్పుడు రెండు మార్పులు ఊహించుదాం. అతనికి పనికి రెండు కిలోమీటర్లలో అద్దె ఇల్లు దొరికి, అదే బైకు మీద వెళ్తే లెక్క 55 కిలోలకు దిగుతుంది. ఇల్లు మారకుండా, నిండుగా నడిచే బస్సు ఎక్కితే 90 కిలోలకు దిగుతుంది. రెండు దారులూ దాదాపు ఒకే గమ్యానికి చేరుస్తాయి. ఇల్లు దగ్గరై, బైకు పోయి కారు వస్తే మాత్రం ఏడాదికి 180 కిలోల పైమాటే. ఆదాయం పెరిగే కొద్దీ మన పట్టణాల్లో జరుగుతున్నది బైకు నుంచి కారుకు మారడమే. కాబట్టి దగ్గరదనం ఇచ్చిన లాభంలో పెద్ద భాగాన్ని కారు మింగేస్తుంది.

విద్యుత్ బస్సుల సంగతి కూడా ఈ లెక్కలోనే చూడాలి. 2022 సెప్టెంబరులో ఆర్టీసీ తిరుపతి కేంద్రంగా వంద విద్యుత్ బస్సులు మొదలుపెట్టింది. వాటిలో 50 కొండకు, 14 రేణిగుంట విమానాశ్రయం నుంచి తిరుమలకు కేటాయించింది. పొగ గొట్టం లేకపోవడం వీధి గాలికి స్పష్టమైన మేలు. హరితగృహ వాయువుల లెక్కకు మాత్రం కరెంటు ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతోంది. ఏసీ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్ పైన పడితే, ఈరోజుకు అది డీజిల్ బస్సుకు దగ్గరగానే ఉంటుంది. సోలార్, గాలి కరెంటు వాటా పెరిగే కొద్దీ తేడా పెరుగుతుంది. ఈలోపు బస్సు ఏ ఇంధనంతో నడుస్తోందన్నదానికంటే సీట్లు ఎన్ని నిండాయన్నది పెద్ద విషయం. సీట్లు నిండాలంటే బస్టాపుకు నడిచేంత దూరంలో జనం ఉండాలి. కట్టడాల చర్చ, బస్సుల చర్చ కలిసేది ఇక్కడే.

నియమాలు దేన్ని కొలుస్తున్నాయి?

కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం ఈ విషయంలో ఒక మలుపు. అంతకుముందు కొత్త కట్టడం వల్ల పక్క కూడలిలో కార్లు ఎంతసేపు ఆగుతాయన్నదే పర్యావరణ పరీక్ష. ఆ పరీక్షలో ఊరి మధ్య కట్టేవాడు ఓడేవాడు, ఊరవతల పొలంలో కట్టేవాడు గెలిచేవాడు. ఎందుకంటే పొలం పక్కన కూడలే ఉండదు. కొత్త చట్టం ఆ కొలబద్దను తీసేసి, కట్టడం వల్ల మొత్తం ఎన్ని మైళ్ల వాహన ప్రయాణం పుడుతుందన్నదాన్ని పెట్టింది. 2020 జూలై నుంచి అది రాష్ట్రమంతటా అమలైంది.

మన దగ్గర 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించిన భవనాలకు ముందస్తు అనుమతి కావాలి. ట్రాఫిక్ అధ్యయనాల్లో ఇప్పటికీ చూసేది రోడ్డు సామర్థ్యం, కూడలిలో ఆలస్యం. దానికి తోడు 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు కట్టడ విస్తీర్ణంలో ఇంత వాటా పార్కింగ్‌కు వదలాలంటాయి. వీధిలో బండ్లు అడ్డదిడ్డంగా ఆగకుండా చూడడం దాని ఉద్దేశం. అది సబబే. అయితే బస్టాపు పక్కనున్న భవనానికీ, బస్సు రాని వెంచర్‌కూ ఒకే సూత్రం పెడితే కారున్నవారికి సౌకర్యం, లేనివారికి అద్దెలో అదనపు బరువు. 2017లోనే కేంద్రం తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం స్టేషన్ల చుట్టూ ఒత్తుగా, కలిపి కట్టడాన్ని, పార్కింగ్ తగ్గించడాన్ని ప్రోత్సహించింది. దాని చూపు ప్రధానంగా మెట్రో నగరాల మీద. రేణిగుంట వంటి జంక్షన్ ఊళ్లకు అది ఇంకా చేరలేదు.

2023 సెప్టెంబరులో తిరుపతిలో ప్రారంభమైన శ్రీనివాస సేతు కూడా ఈ కోణంలో చూడదగ్గది. యాత్రికుల బస్సులు ఊరి కూడళ్లలో చిక్కుకోకుండా పోవడానికి వంతెన ఉపయోగపడుతుంది. వంతెన మీద వేగం పెరిగితే దూరపు వెంచర్లూ దగ్గరగా తోస్తాయి, ఊరు మరింత సాగుతుంది. సమయం ఆదా అయిందన్న లెక్కతో పాటు దూరం పెరిగిందా అన్న లెక్క కూడా వేయాలి.

ఇంకా తేలని సంగతులు

మొదటిది, ఖాళీ జాగా అంటే ఏది? 2021 నవంబరు వానలకు తిరుపతి కాలనీలు నీట మునిగాయి, స్వర్ణముఖి పొంగింది. చెరువు, వంక, వరద పారే పల్లం పటంలో ఖాళీగా కనిపించవచ్చు. అక్కడ కట్టి మిగిల్చిన పెట్రోలు, ఒక్క వరద నష్టానికి సరిపోదు. విమానాశ్రయం దగ్గర కాబట్టి ఎత్తుకూ హద్దులున్నాయి. నింపదగిన జాగా ఎంతో ముందు తేల్చాలి.

రెండోది, కొత్త ఇళ్లు ఎవరికి దొరుకుతాయి? స్థలం ధర పెరిగితే ఫ్యాక్టరీ కార్మికులు ఇంకా దూరపు పల్లెలకు పోతారు. వారి స్థానంలో కారున్న కుటుంబాలు వస్తాయి. కాగితం మీద సాంద్రత పెరుగుతుంది, పొగ మాత్రం తగ్గదు. అద్దె ఇళ్లు, మహిళా హాస్టళ్లు లేని కలగలుపు కట్టడం వాతావరణ సాయమని చెప్పడం కష్టం.

మూడోది, కట్టడానికయ్యే సిమెంటు, ఉక్కు మాట. వాటి ఉద్గారాలు మొదటిరోజే గాలిలో కలుస్తాయి. ప్రయాణాల్లో ఆదా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచిన లెక్కలు మన చిన్న నగరాలకు అరుదు. ఊరవతల వెంచర్‌కు వేసే రోడ్లు, పైపులు కూడా ఆ తక్కెడలోకి రావాలి.

నాలుగోది, లెక్కల కొరత. పనికి వెళ్లే దూరం, వాహనం వివరాలు 2011 జనగణనలో సేకరించారు. ఈ ప్రాంతం రూపమే మారిపోయాక ఆ అంకెల మీద ఆధారపడలేం.

తేల్చదగిన మాట

ఇప్పటిదాకా వచ్చిన చర్చనంతా ఒకచోట పెడితే, రేణిగుంట–తిరుపతి నడుమ కలిపి కట్టడానికి మద్దతు ఇవ్వవచ్చు. అయితే దానికి షరతులున్నాయి. అది ఫ్యాక్టరీలకు, స్టేషన్‌కు, బస్టాపులకు నడిచేంత దగ్గరలో ఉండాలి. కార్మికుల జీతానికి అందే అద్దె ఇళ్లు అందులో ఉండాలి. బస్సు ముందు, పార్కింగ్ తరువాత అన్న క్రమం పాటించాలి. చెరువులు, వంకల జోలికి పోకూడదు. ఈ నాలుగూ లేని కట్టడానికి హరిత ముద్ర వేయడం తగదు. వీధిలో పెరిగే రద్దీ గురించి స్థానికుల భయాన్ని కొట్టిపారేయడమూ తగదు. ఆ భారం నిజం కాబట్టి ఫుట్‌పాత్‌లు, బస్సులు కట్టడం పూర్తయ్యేలోపే రావాలి.

తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, నగరపాలక సంస్థ, ఆర్టీసీ, ఫ్యాక్టరీల యాజమాన్యాలు కలిసి ఒక పని వెంటనే చేయవచ్చు. ఉద్యోగులు ఏ ఊరినుంచి, దేనిమీద, ఎంతదూరం వస్తున్నారో ఒక సర్వే చేయించి ఆ వివరాలు ప్రజల ముందు పెట్టాలి. దానికి అయ్యే ఖర్చు ఒక కూడలి వెడల్పుకు అయ్యే ఖర్చులో చిన్న భాగం. ఆ అంకెలు చేతిలో లేకుండా ఇచ్చే ఏ అనుమతి అయినా అంచనా మీద ఇచ్చినదే అవుతుంది.